జనసంఖ్యయు ఓటర్ల పట్టికయు
(బందరు, గుడివాడ, దివిసీమలను గూర్చిన పౌరశాస్త్ర పాఠము)



ఎన్నికలు సమీపించినపుడెల్ల మన ప్రాంతమున ఒక విధమైన లెక్క బయలుదేరును. ఈ నియోజకవర్గమున ఫలానా కులమువారి ఓట్లు ఇన్ని వేలు, ఫలానా మతమువారి ఓట్లు ఇన్ని వేలు అని పట్టికలు వెలువడును. కాఫీహోటళ్లలోను, బస్సులలోను, రచ్చబండలయొద్దను పెద్దలు వానినే వల్లించుచుందురు. ఆ లెక్క యెక్కడినుండి వచ్చెనని యడుగువారు అరుదు. అంకెలు కనబడగానే సత్యమని నమ్ముట మానవస్వభావము. కాని చదువుకొన్నవాడు మొదట నడుగవలసిన ప్రశ్న "ఎంత?" అనునది కాదు. ఎవరు లెక్కించిరి? ఎవరిని లెక్కించిరి? ఎందులకు లెక్కించిరి? ఈ మూడు ప్రశ్నలను చేతబట్టుకొని, ఓటుహక్కు గల వయోజనులలో ఏ వర్గమువారు ఎందఱు అను విషయమును ఈ పాఠమున పరిశీలింతము.

మనకు తెలిసిన యొక ప్రాచీనోదాహరణముతో ఆరంభింతము. సంఖ్యాకాండము మొదటి యధ్యాయమున మోషే ఇశ్రాయేలీయులను గోత్రములవారిగా లెక్కించెను. ఇరువది యేండ్లు మొదలుకొని పైప్రాయము కలిగి, యుద్ధమునకు పోగల పురుషులే ఆ లెక్కలో చేరిరి. మొత్తము 6,03,550 మంది. యూదా గోత్రమువారు 74,600 మంది. స్త్రీలు, పిల్లలు, లేవీయులు ఆ మొత్తములో లేరు. ఎవరైన ఈ సంఖ్యను చూచి ఇశ్రాయేలీయుల జనసంఖ్య ఆఱు లక్షలని చెప్పినచో తప్పు చెప్పినవాడగును. లెక్క తప్పు కాదు. దానిని చదివిన విధము తప్పు. ప్రతి జనగణనమునకు ఇట్టి గట్టులు కలవు. ఆ గట్టులను కనుగొనుటయే ఈ శాస్త్రమున సగము పని.

1. నాలుగు వేఱు వేఱు లెక్కలు

జనసంఖ్య, వయోజనసంఖ్య, ఓటర్ల సంఖ్య, పోలైన ఓట్ల సంఖ్య అను నాలుగును నాలుగు వేఱు లెక్కలు. జనసంఖ్యలో ఊయలలోని బిడ్డయు చేరును. వయోజనసంఖ్యలో పదునెనిమిది నిండినవారు మాత్రమే చేరుదురు. ఓటర్ల సంఖ్యలో, వయోజనులలో పౌరులై, పట్టికయందు పేరు నమోదైనవారు చేరుదురు. పోలైన ఓట్లలో, ఆ దినమున కేంద్రమునకు వెళ్లి ఓటు వేసినవారు మాత్రమే చేరుదురు. ఒక మెట్టునుండి మఱియొక మెట్టునకు దిగునపుడెల్ల కొందఱు జారిపోవుదురు. అన్ని వర్గములవారును సమముగా జారిపోయినచో చిక్కు లేదు. కాని అట్లు జరుగదు.

ఉదాహరణమునకు ఒక గ్రామమును ఊహింతము. అందు 1,000 మంది గలరు. మొదటి వర్గమువారు 600, రెండవ వర్గమువారు 400. మొదటి వర్గములో నూటికి 25 మంది, రెండవ వర్గములో నూటికి 35 మంది పదునెనిమిదేండ్లలోపు పిల్లలనుకొందము. అపుడు మొదటి వర్గమున వయోజనులు 450, రెండవ వర్గమున 260, మొత్తము 710. జనసంఖ్యలో నూటికి 40 వంతు గల రెండవ వర్గము వయోజనులలో నూటికి 36.6 వంతు మాత్రమే యగును. ఎవరును ఎవరిని మోసగింపలేదు; పిల్లల సంఖ్య భేదించుటచేతనే ఇది సంభవించినది. ఇక ఆ రెండవ వర్గమువారిలో 60 మంది కూలిపనులకై దూరప్రాంతములకు వలసపోయి పట్టికలో పేరు లేనివారైనచో, వారి వంతు 650లో 200, అనగా నూటికి 30.8 మాత్రమే. ఒకే యూరు, ఒకే ప్రజ; ఐనను 40, 36.6, 30.8 అని మూడు సమాధానములు. పత్రికలోని పట్టిక ఇందులో దేనిని చెప్పుచున్నదో తెలియక దానిని నమ్ముట, కొలపాత్ర యేదో తెలియక వడ్లు కొలుచుటవంటిది.

2. అమెరికా దృష్టాంతము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఈ లెక్కను ప్రభుత్వమే చేయును. అచ్చటి రాష్ట్రములు కౌంటీలుగా విభజింపబడియున్నవి. కొన్ని కౌంటీలు మన పాత తాలూకాలంతటివి. పదియేండ్లకొకసారి జరుగు జనగణనములో ప్రతివాడును తన జాతి యేదో తానే చెప్పుకొనును. 2000 సంవత్సరమునుండి ఒకటికంటె ఎక్కువ జాతులను చెప్పుకొనుటకును వీలు కలిగినది. 1975 నాటి శాసనము ననుసరించి, నియోజకవర్గముల సరిహద్దులు గీయుటకై, పదునెనిమిదేండ్లు నిండినవారి జాతివారీ లెక్కలను గూడ చిన్న చిన్న ప్రదేశములవారిగా రాష్ట్రముల కందజేయుదురు.

ఈ లెక్క వారికేల అవసరమయ్యెనో తెలిసికొనుట ముఖ్యము. అలబామా రాష్ట్రమున లౌండెస్ అను కౌంటీ కలదు. 1965 ఆరంభమున అచ్చటి ప్రజలలో నూటికి సుమారు 80 మంది నల్లజాతివారు. ఓటర్ల పట్టికలో మాత్రము వారి పేరు ఒక్కటియు లేదు. ప్రక్కనున్న డల్లాస్ కౌంటీలో, సెల్మా పట్టణము గల చోట, ఓటు వయస్సు గల నల్లజాతివారు సుమారు 15 వేలమంది యుండగా నమోదైనవారు మూడు నాలుగు వందలకు మించలేదు. చదువు పరీక్షలు, గుమాస్తాల యడ్డంకులు, ఉద్యోగము పోవునను భయము, ప్రాణభయము అను నాలుగు గోడలు వారిని పట్టికకు వెలుపల నిలిపినవి. 1965 మార్చి 7వ తేదీన సెల్మా వంతెనపై శాంతముగా నడచుచున్నవారిని పోలీసులు కొట్టిరి. మార్టిన్ లూథర్ కింగ్ అను పాస్టరు నాయకత్వమున ఆ నెలలోనే ఆ నడక రాజధానివఱకు సాగెను. 1965 ఆగస్టు 6వ తేదీన ఓటుహక్కుల శాసనము వెలువడెను. ఓటు వయస్సు గలవారిలో సగముమందియైనను 1964 నవంబరులో నమోదుకాని లేక ఓటువేయని ప్రదేశములలో, చదువు పరీక్షవంటి షరతు గూడ నున్నచో, ఆ శాసనము ప్రత్యేక పర్యవేక్షణము విధించెను. ఏ ప్రదేశములకు ఆ పర్యవేక్షణ వర్తించునో నిర్ణయించు సూత్రమును 2013లో వారి సుప్రీముకోర్టు కొట్టివేసినను, లెక్క మాత్రము నేటికిని జరుగుచునే యున్నది.

ఇందు మనము గ్రహింపవలసినది యొకటి. అచ్చట జాతివారీ లెక్క, గెలుపెవరిదో పందెము కాయుటకై పుట్టలేదు. ఉన్నవారెందఱు, పట్టికకెక్కినవారెందఱు అను రెండింటి నడుమనున్న అగాధమును చూపుటకు అది సాక్ష్యముగా నిలిచెను.

3. మన రాజధానిలో ఓటెవరికి?

మన కృష్ణాజిల్లా నాడు మద్రాసు రాజధానిలోని భాగము. 1919 శాసనము ననుసరించి 1920లో శాసనసభకు తొలిసారి విస్తృతమైన యెన్నికలు జరిగినపుడు, నాలుగు కోట్లకు పైబడిన రాజధాని ప్రజలలో ఓటుహక్కు గలవారు సుమారు పండ్రెండున్నర లక్షలే. గ్రామములలో ఏటేటా పది రూపాయల మేర భూమిశిస్తు, పట్టణములలో మూడు రూపాయల మేర పన్ను ప్రధానమైన యర్హతలుగా నుండెను. ఇప్పుడు డెల్టా గ్రామమును తలంచుడు. కాలువక్రింద మాగాణి గల రైతు ఓటరయ్యెను. ఆ మాగాణిలో నాట్లు వేసి, కోతలు కోసిన పాలేరు ఓటరు కాలేదు. నాగాయలంక, కోడూరు ప్రాంతములలో వలలు లాగి బ్రతుకు పల్లెకారికి భూమి లేదు. కావున ఓటును లేదు. పట్టికలో కులమను మాట యొక్కటియు లేకపోయినను, శిస్తను గీత ఏ యే వాడలమీదుగా పోయెనో గ్రామములో పుట్టినవాడు సులభముగా చెప్పగలడు. స్త్రీలకు మద్రాసు శాసనసభ 1921లో పురుషులతోబాటు అవే యర్హతలపై ఓటు నొసగెను. ఇది భారతదేశపు రాజధానులలో ప్రథమము. కాని తన పేర పట్టా గల స్త్రీ యెందఱిలో ఒకతెయో మీరే యోచింపుడు.

1935 శాసనము ఈ గేటును కొంత తెఱచెను. శిస్తు పరిమాణము తగ్గినది. ఓటరుయొక్క భార్యలలో కొందఱకు హక్కు కలిగినది. చదువను వ్రాయను వచ్చుటయు ఒక యర్హతగా నంగీకరింపబడెను. ఈ చివరి షరతు మన పాఠశాలలకు సంబంధించినది. గూడెములలోని మిషను బడులలో రాత్రిపూట దీపముక్రింద దిద్దిన అక్షరములు సెంటు భూమి లేనివానిని ఓటర్ల పట్టికకెక్కించు సాధనములైనవి. ఉపాధ్యాయుని పలక ఆ కాలమున పట్టాతో సమానమైనదని చెప్పినచో అతిశయోక్తి కాదు.

4. వేఱు వేఱు పెట్టెలు

ఎవరికి ఓటు అను ప్రశ్నతోబాటు, ఎవరు ఎవరితో కలిసి ఓటువేయవలయును అను రెండవ ప్రశ్నయు నుండెను. 1909లో ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గములు ఏర్పడెను. 1919 శాసనము క్రింద మద్రాసు సభలో భారతీయ క్రైస్తవులకు 5 స్థానములు కేటాయింపబడగా, 1935 శాసనము క్రింద 215 స్థానముల సభలో అవి 8 ఆయెను. ముస్లిములకు 28, స్త్రీలకు 8, జమీందారులకు 6, ఇట్లు పలు పెట్టెలు. ఎనిమిదిమంది రాజధాని యంతటి క్రైస్తవులకు ప్రతినిధులగుటచేత ఒక్కొక్క నియోజకవర్గము పలు జిల్లాలపై పఱచుకొనియుండెను. బందరులోని క్రైస్తవుడు తన వీధిలోని హిందువుతో కలిసి ఓటువేయక, ఎన్నడును చూడని దూరప్రాంతపు క్రైస్తవునితో కలిసి ఓటువేయుచుండెను.

ఇది మేలా, కీడా అని మన సంఘములలోనే భేదాభిప్రాయములుండెను. ఏ.టి. పన్నీరుసెల్వము వంటివారు ప్రత్యేక నియోజకవర్గములను కోరిరి. కె.టి. పాల్ వాని నొప్పుకొనలేదు. మన బందరు ప్రాంతమునకును నాడు బిషప్పుగా నుండిన దోర్నకల్ అధ్యక్షులు వి.ఎస్. అజరయ్యగారు వానిని గట్టిగా వ్యతిరేకించిరి. క్రీస్తుసంఘము పలు కులములనుండి వచ్చినవారిని ఏకము చేయుటకు పిలువబడినది. అట్టి సంఘమును ఓట్లకై మఱియొక కులముగా మార్చుట దాని స్వభావమునకే విరుద్ధమని వారి వాదసారము. తమ వర్గమునకు లాభము కలిగించు స్థానములనే కాదనగలుగుటకు ధైర్యము కావలయును. ఆ ధైర్యమును మనము మఱువరాదు.

అస్పృశ్యులనబడినవారి విషయము వేఱు. 1932 ఆగస్టులో వెలువడిన మతవర్గ తీర్పు వారికి ప్రత్యేక నియోజకవర్గముల నొసగెను. గాంధీగారి నిరాహారదీక్ష తరువాత అదే సంవత్సరము సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక కుదిరెను. దానిచేత ప్రత్యేక నియోజకవర్గములకు బదులు ఉమ్మడి నియోజకవర్గములలో స్థానముల సంఖ్య పెంచబడెను. మద్రాసునకు తీర్పులో 18 ఉండగా ఒడంబడికలో 30 ఆయెను. దళితులు మొదట తమలో తాము నలుగురిని ఎన్నుకొనవలయును. వారిలో ఒకనిని అందఱును కలిసి ఎన్నుకొనవలయును. డాక్టరు అంబేద్కరుగారు దీనికి సంతకము చేసినను, తుదియెంపిక ఇతరుల చేతిలో పడునను చింత వారిని విడువలేదు.

5. ఒకే పట్టిక

స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగసభ ఈ పెట్టెలను చాలవఱకు పగులగొట్టెను. 1949 మే నెలలో మతవర్గములకు శాసనసభాస్థానముల కేటాయింపు వలదని నిశ్చయించినపుడు, హరేంద్రకుమార ముఖర్జీ, జెరోమ్ డిసౌజా మొదలైన క్రైస్తవ సభ్యులు తాముగా దాని నంగీకరించిరి. రాజ్యాంగపు 325వ అధికరణము ఒక్కొక్క నియోజకవర్గమునకు ఒకే సాధారణ పట్టిక యుండవలెననియు, మతము, జాతి, కులము, లింగము అను కారణములచేత ఎవరిని పట్టికనుండి తొలగింపరాదనియు శాసించుచున్నది. 326వ అధికరణము వయోజనులందఱకు ఓటు నొసగెను. వయస్సు మొదట 21. 61వ సవరణముచేత 1989 నుండి 18.

తొలి సాధారణయెన్నికలు 1951–52లో జరిగెను. దేశమందు ఓటర్లు 17 కోట్లకు పైబడిరి. అపుడును జారిపోయినవారు గలరు. తమ పేరు చెప్పక "ఫలానావాని భార్య", "ఫలానావాని తల్లి" అని మాత్రమే వ్రాయించుకొన్న స్త్రీల పేర్లు, సుమారు 28 లక్షలు, పట్టికనుండి తొలగింపబడెను. పేరు లేనిచో ఓటు లేదు అను పాఠమును దేశము అట్లు నేర్చుకొనెను.

ఇపుడు ఒక ఓటర్ల పట్టికను తీసి చూడుడు. అందు పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి సంఖ్య, వయస్సు, లింగము, గుర్తింపుకార్డు సంఖ్య ఉండును. కులము లేదు, మతము లేదు. అనగా మచిలీపట్నము, గుడివాడ, అవనిగడ్డ నియోజకవర్గములలో కులమువారీ ఓటర్ల సంఖ్యను చెప్పు ప్రభుత్వపు పత్రము ఏదియు లేదు. ఎన్నికలపుడు వినవచ్చు సంఖ్యలు పార్టీ కార్యకర్తలు పేర్లను, వాడలను చూచి వేసిన యంచనాలు. పేరునుబట్టి కులము చెప్పుట మన ప్రాంతమున ఎంత ప్రమాదకరమో మీరెఱుగుదురు. ఒకే యింటిపేరు నాలుగు కులములలో నుండును. యోహాను అను పేరు గలవాడు సర్టిఫికెటులో హిందువై యుండును. ప్రతి వర్గపు నాయకుడును తన వర్గమును కొంత పెంచి చెప్పును. అట్టి పట్టికలను నాలుగైదు సేకరించి అన్ని వర్గముల సంఖ్యలను కూడి చూడుడు. మొత్తము ఓటర్లకంటె ఎక్కువ వచ్చిన నాశ్చర్యపడకుడు.

6. పామఱ్ఱు పాఠము

షెడ్యూల్డు కులములకును తెగలకును మాత్రము స్థానముల కేటాయింపు నిలిచెను. రాష్ట్రమున వారి జనసంఖ్య యే నిష్పత్తిలో నున్నదో అదే నిష్పత్తిలో స్థానములు. నేటి ఆంధ్రప్రదేశ శాసనసభలో 175 స్థానములకు 29 షెడ్యూల్డు కులములకు, 7 తెగలకు. ఇచ్చట గమనింపుడు: ఈ లెక్కకు ఆధారము ఓటర్ల సంఖ్య కాదు, వయోజనసంఖ్యయు కాదు, జనసంఖ్య. ఊయలలోని దళిత శిశువును ఈ లెక్కలో చేరును. పైన చెప్పిన ఊహాగ్రామపు గణితమును జ్ఞాపకము చేసికొన్నచో ఇది ఎంత మేలో తెలియగలదు.

2022 ఏప్రిలులో విభజింపబడిన తరువాత బందరు ముఖ్యపట్టణముగా నిలిచిన కృష్ణాజిల్లాలో ఏడు నియోజకవర్గములు గలవు: గన్నవరము, గుడివాడ, పెడన, మచిలీపట్నము, అవనిగడ్డ, పామఱ్ఱు, పెనమలూరు. ఇందు పామఱ్ఱు ఒక్కటియే షెడ్యూల్డు కులములకు కేటాయింపబడినది; 2008 పునర్విభజనకు పూర్వము నిడుమోలు అట్టిది. పామఱ్ఱు, మొవ్వ, పమిడిముక్కల, తోట్లవల్లూరు, పెదపారుపూడి మండలములు ఇందు చేరియున్నవి.

"దళితులే ఎక్కువగా నున్న నియోజకవర్గమా?" అని విద్యార్థులు అడుగుదురు. కాదు. 2011 జనగణనములో అవిభక్త కృష్ణాజిల్లాలో షెడ్యూల్డు కులములవారు నూటికి సుమారు 19 మంది. వారు ఒకచోట గుమిగూడియుండలేదు. ప్రతి గ్రామమునకును అంచున ఒక పల్లెయో గూడెమో కలదు. లౌండెస్ కౌంటీలో నల్లజాతివారు నూటికి 80 మంది. అడ్డంకులు తొలగింపబడగానే కొన్ని యేండ్లలోనే వారు తమ షెరీఫును తాము ఎన్నుకొనిరి. డెల్టాలో అట్లు సాధ్యము కాదు. ఐదు నియోజకవర్గములలో ఒక్కొక్కదానియందు వెయ్యిమంది ఓటర్లుండి, అందు ఇన్నూరుమంది ఒక వర్గమువారైనచో, మొత్తముమీద వెయ్యి ఓట్లుండియు వారు తమ బలముతో ఒక్క స్థానమునైనను గెలువజాలరు. ఆ వెయ్యిమందియు ఒకేచోట నున్నచో ఒక స్థానము పూర్తిగా వారిదే. సంఖ్యతోబాటు నివాసమును ముఖ్యమని దీనిచే తెలియుచున్నది. ఈ కారణముచేతనే మన శాసనము కేటాయింపు స్థానములను రాష్ట్రపు వేఱు వేఱు భాగములలో, షెడ్యూల్డు కులముల నిష్పత్తి సాపేక్షముగా ఎక్కువగా నున్నచోట్ల ఏర్పఱచవలెనని చెప్పుచున్నది. అభ్యర్థి మాత్రమే ఆ కులములకు చెందినవాడు కావలయును, ఓటు అందఱిది.

దివిసీమ కాలువల గట్లమీద నివసించు యానాదులను గూడ ఇచ్చట తలంపవలయును. వారు షెడ్యూల్డు తెగలవారు. మన జిల్లాలో తెగలకు కేటాయింపబడిన స్థానము లేదు. చేపలకును పీతలకును వెదకుచు తావు మార్చు కుటుంబమునకు ఇంటి సంఖ్య యెక్కడిది? ఇంటి సంఖ్య లేనివానిపేరు పట్టికలో నిలుచుట కష్టము. పట్టికకు వెలుపల మిగిలినవారెవరని యడుగునపుడు మన కన్నులు మొదట ఈ గుడిసెలవైపు తిరుగవలయును.

7. తగ్గిపోయిన క్రైస్తవులు

ఇపుడు మనకు సమీపమైనదియు, కొంత బాధాకరమైనదియు నగు విషయమునకు వత్తము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున క్రైస్తవుల నిష్పత్తి జనగణనముల ప్రకారము ఇట్లున్నది: 1971లో నూటికి 4.19, 1981లో 2.68, 1991లో 1.83, 2001లో 1.55, 2011లో 1.34. నిష్పత్తియే కాదు, సంఖ్యయు తగ్గినది: 1971లో సుమారు 18 లక్షలు, 2011లో సుమారు 11 లక్షల 30 వేలు. ఆ నలువది యేండ్లలో రాష్ట్ర జనసంఖ్య దాదాపు రెట్టింపైనది. జననములు కొంత తగ్గుటచేత ఇంత భేదము కలుగదు. ప్రార్థనామందిరములు మూతపడినవా యన్నచో, ఆదివారము ఉదయమున బందరునుండి అవనిగడ్డవఱకు బస్సులో పోవువాడు దానికి సమాధానము చెప్పగలడు.

కారణమును శాసనములలో వెదకవలయును. 1936 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువే భారతీయ క్రైస్తవుడు షెడ్యూల్డు కులమువాడుగా పరిగణింపబడడని చెప్పెను. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు హిందువులను మాత్రమే అట్లు పరిగణించెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవుడైన మాల లేక మాదిగ ఆంధ్రప్రదేశములో వెనుకబడిన తరగతుల "సి" వర్గములో చేరును. ఆ వర్గమునకు కేటాయింపు నూటికి ఒకటి. శాసనసభాస్థానముల కేటాయింపు వెనుకబడిన తరగతులకు లేదు. కావున గూడెములో ప్రక్క ప్రక్క యిండ్లలో పుట్టిన ఇద్దఱు సోదరసమానులలో, తాను హిందువునని వ్రాయించుకొన్నవాడు పామఱ్ఱులో అభ్యర్థిగా నిలువగలడు. క్రైస్తవుడనని వ్రాయించుకొన్నవాడు నిలువజాలడు. వారిని వేరుపఱచినది వాడ కాదు, వృత్తి కాదు, ఊరివారు చూచు చూపు కాదు. కాగితముమీది యొక పదము.

జనగణన గుమాస్తా గుమ్మముముందు నిలిచి "మతమేమి?" అని యడిగినపుడు ఆ యింటి తండ్రి మనస్సులో బిడ్డ చదువు, విద్యార్థి వేతనము, ఉద్యోగము అన్నియు ఒక్కమారు మెదలును. అతడు చెప్పిన సమాధానమే పట్టికలో 4.19ని 1.34 చేసినదని పలువురు పరిశీలకుల యభిప్రాయము. తరగతిలో ఈ సంగతి వచ్చినపుడు కొందఱు పిల్లలు తలలు వంచుకొనుట మేము చూచుచుందుము. వారితో మేము చెప్పునది ఇదియే. సత్యము చెప్పుట ధర్మము. దానిని మేమెన్నడును తక్కువ చేయము. కాని సత్యము చెప్పినవానికి మాత్రమే జరిమానా విధించు ఏర్పాటును గూడ ప్రశ్నింపవలయును. కడుపునిండినవాడు ఆకలిగొన్నవాని సాక్ష్యముపై తీర్పు తీర్చుట సులభము.

ఈ ప్రశ్న న్యాయస్థానములలోను, సంఘములలోను ఇంకను తీరలేదు. 2007లో రంగనాథ మిశ్రా కమీషను మతముతో షెడ్యూల్డు కులపు హోదాకు గల ముడిని విప్పవలెనని సిఫారసు చేసెను. 2022లో న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మఱియొక కమీషను నియమింపబడెను. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ శాసనసభ దళిత క్రైస్తవులకు ఆ హోదా నీయవలెనని తీర్మానించెను. దీనికి వ్యతిరేకవాదమును విద్యార్థి వినవలయును: అస్పృశ్యత హిందూసమాజమున పుట్టినది గనుక క్రైస్తవమున దానికి తావు లేదనియు, క్రొత్తవారు చేరినచో ఉన్నవారి వంతు తగ్గుననియు కొందఱందురు. మొదటి మాటకు మన సమాధుల తోటలును, వివాహసంబంధములును ఏమి సాక్ష్యమిచ్చుచున్నవో మనలను మనమే పరీక్షించుకొనవలయును. రెండవ మాట న్యాయమైన భయమే. స్థానములును వంతులును ఎట్లు సర్దవలెనో దానితోబాటు ఆలోచింపవలయును.

8. రాబోవు గణనము

అన్ని కులములను లెక్కించి ప్రకటించిన తుది జనగణనము 1931 నాటిది. 1951 నుండి షెడ్యూల్డు కులములను, తెగలను మాత్రమే లెక్కించుచు వచ్చిరి. 2025లో భారతప్రభుత్వము రాబోవు జనగణనములో అన్ని కులములను లెక్కింప నిశ్చయించెను. దానికి 2027 మార్చి 1వ తేదీని గణనదినముగా ప్రకటించెను. ఆ లెక్కలో గూడ మన మూడు ప్రశ్నలు పనికివచ్చును. అది ప్రజలను లెక్కించును, ఓటర్లను కాదు. ఎవడు తన్నుగూర్చి ఏమి చెప్పునో దానినే వ్రాయును. పిదప ఆ సంఖ్యలను లౌండెస్‌లోవలె వెలుపల మిగిలినవారిని లోనికి తెచ్చుటకు వాడుదుమా, కాఫీహోటలులోవలె ఓట్లను మూటలుగా గట్టి బేరమాడుటకు వాడుదుమా అనునది మనచేతిలో నున్నది. మతము, జాతి, కులము పేర ఓట్లడుగుట అవినీతికరమైన చర్యయని 1951 ప్రజాప్రాతినిధ్య శాసనము చెప్పుచున్నది. 2017 జనవరిలో సుప్రీముకోర్టు ఆ నిషేధమును అభ్యర్థికే గాక ఓటరు మతకులములకును విస్తరించి వ్యాఖ్యానించెను. శాసనము ఎంత గట్టిదైనను, ఓటరును మనుష్యునిగా గాక వర్గపు సంఖ్యగా చూచు అలవాటును అది యొక్కటియే మాన్పజాలదు.

మీలో పదునేడేండ్లు నిండినవారు ఇప్పుడే ఆఱవ నమూనా దరఖాస్తు నీయవచ్చును. జనవరి, ఏప్రిలు, జులై, అక్టోబరు నెలల మొదటి తేదీలలో ఏ తేదీనాటికి పదునెనిమిది నిండునో ఆ పిదప పేరు పట్టికలో చేరును. మీ పేరుతో తృప్తిపడక, మీ వీధిలో పేరు లేని యొక ముసలమ్మను, వలసనుండి వచ్చిన యొక కూలివానిని, గట్టుమీది యొక యానాది కుటుంబమును వెదకి ఆ నమూనా నింపి పెట్టుడు. ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చేర్చినచో ఈ పాఠము చదివినందులకు ఫలము దక్కినట్లే.

అభ్యాసము

1. ఊహాగ్రామములో రెండవ వర్గమునుండి 60 మందికి బదులు మొదటి వర్గమునుండి 60 మంది వలసపోయినచో ఓటర్లలో రెండు వర్గముల నిష్పత్తులెంత?

2. కేటాయింపు స్థానములకు జనసంఖ్యను గాక వయోజనసంఖ్యను ఆధారముగా గైకొన్నచో ఎవరికి నష్టము? ఏల?

3. మీ గ్రామపు ఓటర్ల పట్టికలో ఒక పుటను తీసికొని స్త్రీ పురుషుల సంఖ్యలను లెక్కింపుడు. భేదమున్నచో కారణము విచారింపుడు.

4. ప్రత్యేక నియోజకవర్గములనుగూర్చి అజరయ్యగారి వాదమును, పన్నీరుసెల్వము పక్షపు వాదమును పది పంక్తులలో పోల్చి వ్రాయుడు.

5. "క్రైస్తవుల సంఖ్య తగ్గినది", "క్రైస్తవులమని వ్రాయించుకొన్నవారి సంఖ్య తగ్గినది" అను రెండు వాక్యములకు గల భేదమును వివరింపుడు.